మీ రిపోర్టులో మా ఊరు ఉందా?

(చాతంలో జరిగిన సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్న వంతెన దాటి చాతంలోకి వస్తుంటే మన సహోద్యోగి కూతురు ఒక పాప అడిగింది: "అంకుల్, మీరు బ్యాంకులో డబ్బులు లెక్కపెడతారా?" లేదమ్మా, నేను ఆలస్యాలు లెక్కపెడతాను అన్నాను. పాపకు అది నచ్చలేదు. ఆలస్యాల్ని ఎవరైనా లెక్కపెడతారా అన్నట్టు చూసింది. ఆ పాపకు సమాధానం చెప్పడానికే ఈ ప్రసంగం అనుకోండి.

మీ ఇంట్లో బ్యాంకు ఉద్యోగి సాయంత్రం ఏడింటికి రావలసినవారు తొమ్మిదింటికి వచ్చి, "ఈరోజు సిస్టం స్లో" అని ఒక్క మాట చెప్పి కూర్చుంటారు. సిస్టం ఎందుకు స్లో అయింది, ఎక్కడ స్లో అయింది అని వెతకడం నా పని. వెతకడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే, లాగ్. ఈ మాటను చాతంలో చెప్పడం నాకు ఇష్టం. ఎందుకంటే మన వెనక ఉన్న రంపపు మిల్లు 1883 నుంచి దుంగలు కోస్తోంది. ఇంగ్లీషులో దుంగనే లాగ్ అంటారు. పాతకాలపు నావికులు ముడులు వేసిన తాడుకు చెక్కముక్క కట్టి సముద్రంలోకి విసిరి, ఎన్ని ముడులు జారాయో చూసి ఓడ వేగం కొలిచేవారు. ఆ లెక్క రాసే పుస్తకం లాగ్‌బుక్ అయింది. అక్కడి నుంచే ఆ మాట కంప్యూటర్లలోకి వచ్చింది. అంటే మొదటి నుంచీ ఆ మాట వేగానికి సంబంధించినదే.

పాతతరం వారికి డే బుక్ గుర్తుండే ఉంటుంది. ఆ రోజు జరిగినదంతా అందులో వరుసగా ఉండాలి. కంప్యూటరు కూడా అలాగే రాసుకుంటుంది. ఒక్కో పనికి ఒక్కో వరుస. ఎప్పుడు మొదలైంది, ఏ శాఖ, ఏ పని, ఎంతసేపు పట్టింది, అయిందా కాలేదా అన్నవి అందులో ఉంటాయి. ఈ వరుసనే మేము ఈవెంట్ అంటాం.

బాంబూఫ్లాట్‌లో ఉండే ఒకాయన టెక్కలిలో ఉన్న తల్లికి ఫోనులో ఐదువేలు పంపాడనుకుందాం. ఆయనకు అది ఒక్క నొక్కు. లోపల మాత్రం ఫోనులోని యాప్ అడుగుతుంది, ఆ కోరిక జాతీయ చెల్లింపుల సంస్థ దగ్గరకు పోతుంది, అది పంపేవారి బ్యాంకును డబ్బు తగ్గించమంటుంది, అందుకునేవారి బ్యాంకును జమ చేయమంటుంది, ఆ జవాబులన్నీ తిరిగి వస్తాయి. ఒక్కో చోట ఒక్కో యంత్రం తన వరుసలు తాను రాసుకుంటుంది. ఒక్క ఐదువేలకే ఇన్ని వరుసలైతే, దేశమంతా ఒక రోజులో జరిగే లావాదేవీలకు ఎన్నో ఊహించండి. ఏ మనిషీ అవన్నీ చదవలేడు. అందుకే జల్లెడ పడతాం. దాన్నే ఫిల్టర్ అంటాం. ఈ జల్లెడ గురించే నేను చెప్పాలనుకున్నది.

జల్లెడ సంగతి నాకన్నా ఇక్కడున్న గృహిణులకు బాగా తెలుసు. పిండి జల్లిస్తే కిందపడిన మెత్తటి పిండి కావాలి, పైన మిగిలిన ముతక అక్కర్లేదు. రవ్వ కోసం జల్లిస్తే పైన మిగిలిందే కావాలి, కిందపడిన పిండి వేరే డబ్బాలోకి పోతుంది. ఒకటే జల్లెడ. ఏది పనికొచ్చేదో, ఏది కాదో జల్లెడ చెప్పదు. ఈరోజు ఏం వండుతున్నామో అది చెబుతుంది. కంప్యూటరు లాగ్ కూడా అంతే. ప్రశ్న ముందు, జల్లెడ తర్వాత.

నేను ఈ వరసను తారుమారు చేసి ఒకసారి పెద్ద పొరపాటు చేశాను. దాన్ని మీ ముందు ఒప్పుకుంటాను.

అది సముద్రం కింద కేబులు రాకముందు సంగతి. అప్పట్లో ఈ ద్వీపాలకు ఉపగ్రహమే ఆధారం. నేను ముఖ్య కేంద్రంలో కూర్చుని శాఖల్లోని కౌంటర్ స్క్రీన్లు ఎంత వేగంగా పనిచేస్తున్నాయో నెలనెలా రిపోర్టు తయారుచేసేవాణ్ణి. కొన్ని వరుసల్లో 30 సెకన్లు అని ఉండేది. అంటే యంత్రం 30 సెకన్లు ఎదురుచూసి, జవాబు రాక వదిలేసింది. దాన్ని టైమౌట్ అంటాం. నాకు అవి చిరాకు. "ఇది మన సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, లైను తప్పు, వీటిని కలిపితే సగటు పాడవుతుంది" అనుకుని టైమౌట్లన్నీ జల్లెడలో తీసేశాను. రిపోర్టు అందంగా వచ్చింది. పైవారు మెచ్చుకున్నారు.

కొన్నాళ్లకు ఒక చిన్న ద్వీపంలోని శాఖ నుంచి ఫోను వచ్చింది. మాట్లాడినాయన చాలా మర్యాదగా అడిగారు: "సార్, మీ రిపోర్టు చూశాం. చాలా బాగుంది. మీ రిపోర్టులో మా ఊరు ఉందా?"

నాకు కోపం వచ్చింది. ఎందుకుండదు అని వెతికాను. ఉంది, కానీ లేనట్టే ఉంది. ఎలాగో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఇవి అసలు అంకెలు కావు, అర్థం కావడానికి వేసుకున్నవి.

వెయ్యి లావాదేవీలు జరిగాయనుకుందాం. 980 ఒక్కొక్క సెకనులో అయిపోయాయి. 20 టైమౌట్ అయ్యాయి, ఒక్కొక్కటి 30 సెకన్లు. టైమౌట్లు తీసేస్తే సగటు సరిగ్గా 1 సెకను. కలిపినా సగటు 1.58 సెకన్లే. రెండూ చూడడానికి బాగానే ఉన్నాయి. వెయ్యిలో 20 అంటే నూటికి రెండు, ఎవరూ కంగారుపడరు. కానీ ఆ 20 ఎవరివి? అందులో 18 ఒకే శాఖవి అనుకోండి. ఆ శాఖలో మొత్తం జరిగినవి 60 మాత్రమే అనుకోండి. అప్పుడు ఆ ఊళ్లో పదిమందిలో ముగ్గురికి పని కాలేదు. దేశానికి నూటికి రెండు, ఆ ఊరికి నూటికి ముప్ఫై.

నేను తీసేసింది చెత్త కాదు, ఆ ఊరి రోజువారీ బతుకు. పడవ దిగి పింఛను కోసం వచ్చిన పెద్దాయన, తిరుగు పడవ వేళకు డబ్బు చేతికి రాక ఉత్తచేతులతో వెళ్లిపోతే, నా రిపోర్టులో ఆయన ఆలస్యంగా కూడా లేడు. అసలు లేనే లేడు. ఆయన కౌంటరు దగ్గర ఎంతసేపు నిలబడితే నా జల్లెడ ఆయన్ని అంత కచ్చితంగా బయట పారేసింది. సగటు లోతు మోకాలే అని వాగులో దిగినవాడి కథ మనందరికీ తెలుసు. నేను ఇంకో అడుగు ముందుకు వేసి, మునిగినవాళ్లను లెక్కలోంచి తీసేసి సగటు కట్టాను.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటాం. ఒకే కుండలో, ఒకే పొయ్యి మీద ఉన్న అన్నానికి అది నిజం. కానీ హైదరాబాదు శాఖ ఒక కుండ, ఈ ద్వీపాల శాఖ ఇంకో కుండ, పొయ్యి కూడా వేరు. అక్కడి మెతుకు పట్టి చూసి ఇక్కడ ఉడికిందంటే ఎలా?

ఫోను పెట్టేశాక జల్లెడ మార్చాను. ఈసారి ప్రశ్న ముందు రాసుకున్నాను: "ఆ శాఖలో డబ్బు తీసే స్క్రీను ఎందుకు ఆగుతోంది?" ఒక శాఖ, ఒక పని, ఒక గంట, అందులోంచి టైమౌట్ అయిన ఒక్క లావాదేవీ. దాని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివాను. అప్పుడు కారణం కనిపించింది.

ఆ స్క్రీను ఒక్కసారి అడిగి ఒక్కసారి జవాబు తెచ్చుకునేది కాదు. పేరు కోసం ఒకసారి, సంతకం కోసం ఒకసారి, నిల్వ కోసం ఒకసారి, ఇలా ఒక్క పనికి పదులసార్లు సర్వరు దగ్గరకు వెళ్లి వచ్చేది. నగరంలో ఒక్కో ప్రయాణం రెప్పపాటు కూడా కాదు. ఇక్కడ అలా కాదు. ఆ రకం ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందకు దిగాలి, జవాబు మళ్లీ పైకి వెళ్లి కిందకు దిగాలి. కాంతి వేగంతో పోయినా ఒక్క రాకపోకకు దాదాపు అర సెకను. 40 రాకపోకలంటే 20 సెకన్లు. దానికి కాస్త రద్దీ తోడైతే 30 దాటుతుంది. టైమౌట్.

ఇక్కడున్న వారికి ఇది ఓడ సామెతలో చెబితే చాలు. విశాఖపట్నం నుంచి సరుకులు తెప్పించుకోవాలి. ఉప్పు, పప్పు, చింతపండు, నూనె చీటీ రాసి ఒకే ఓడలో తెప్పించుకుంటారా? లేక ఉప్పు కోసం ఒక ఓడ, అది వచ్చాక పప్పు కోసం ఇంకో ఓడ ఎదురుచూస్తారా? మా స్క్రీను రెండో పని చేస్తోంది. ఎంత పెద్ద ఓడ తెచ్చినా ఆ ఆలస్యం తీరదు. చీటీ ఒక్కసారే రాయాలి. స్క్రీనును అలా మార్చాం. నేను జల్లెడలో పారేసిన టైమౌట్లే ఆ కారణం చూపించాయి. నేను దాచుకున్న 980 మంచి వరుసల్లో అది ఎక్కడా లేదు.

తర్వాత కేబులు వచ్చింది. 2018 డిసెంబర్ 30న పోర్ట్ బ్లెయిర్‌లో శంకుస్థాపన జరిగింది, 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి ప్రారంభించారు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీపం, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకూ మొత్తం దాదాపు 2,300 కిలోమీటర్ల కేబులు, ఖర్చు దాదాపు 1,224 కోట్ల రూపాయలు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై దాదాపు 1,400 కిలోమీటర్లు అనుకుంటే ఆ 40 రాకపోకలూ ఇప్పుడు అర సెకను పైచిలుకులో అయిపోతాయి. అప్పట్లో ఒక్క రాకపోకకు పట్టిన సమయం అది. పోర్ట్ బ్లెయిర్ పేరు ఇప్పుడు శ్రీ విజయపురం అయింది, లైను మారింది, ఫోను చేతికి వచ్చింది. జల్లెడ సమస్య మాత్రం అలాగే ఉంది. ఈరోజు కూడా ఎక్కడో ఎవరో రిపోర్టు అందంగా రావడానికి ఇబ్బంది పెట్టే వరుసల్ని తీసేస్తూనే ఉంటారు.

ఇప్పుడు ఒకసారి ఎదురుగా ఉన్న సముద్రం చూడండి. ఈ రేవులో నీటి మట్టాన్ని కొలిచే పరికరం పంతొమ్మిదో శతాబ్దంలోనే ఉండేది. అలాంటి పరికరాన్ని నిలువు గొట్టంలో పెడతారు, అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. గాలికి లేచే చిన్న అలలు ఆ రంధ్రంలోంచి లోపలికి చేరేలోపే అణిగిపోతాయి. నిదానంగా పెరిగి తగ్గే ఆటుపోటు మాత్రం లోపలికి వస్తుంది. లోపలి బెండు దానితో లేస్తుంది, కలం కాగితం మీద గీత గీస్తుంది. ఇది కూడా జల్లెడే. ఓడల వారికి ఆటుపోటు కావాలి, అలలు అక్కర్లేదు.

1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. దాని సునామీ ఈ రేవుకు చేరింది. సునామీ అల నిమిషాల తరబడి సాగుతుంది కాబట్టి ఆ చిన్న రంధ్రం దాన్ని ఆపలేదు. కలం దాన్నీ గీసింది. ఆటుపోటు లెక్కకు అది అడ్డమే. కానీ ఎవరూ ఆ కాగితాన్ని పారేయలేదు. 120 ఏళ్లు దాటాక, 2003లో, పరిశోధకులు పోర్ట్ బ్లెయిర్‌తో సహా బంగాళాఖాతం చుట్టూ ఉన్న పాత నమోదుల్ని తిరిగి తీసి, ఆ భూకంపం ఎంత పెద్దదో, ఎక్కడ పగిలిందో లెక్కకట్టారు. మరుసటి ఏడాది డిసెంబర్ 26న ఏం జరిగిందో ఈ ద్వీపాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఈరోజు మన హైదరాబాదులోనే, ఇన్‌కాయిస్ సంస్థలో, 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సముద్రం అడుగున పెట్టిన పరికరాలు పైనున్న నీటి బరువును కొలుస్తాయి. అక్కడ జల్లెడ తిరగబడుతుంది. రావలసిన ఆటుపోటు ఎంతో ముందే లెక్కకట్టి దాన్ని తీసేస్తారు. తీసేశాక కొద్ది సెంటీమీటర్ల తేడా మిగిలితే చాలు, పరికరం వెంటవెంటనే కబురు పంపడం మొదలుపెడుతుంది. ఒకరు ఉంచుకున్న ఆటుపోటును ఇంకొకరు తీసేస్తున్నారు. ఇద్దరూ సరైనవారే, ఎందుకంటే ఇద్దరి ప్రశ్నలు వేరు. తప్పు ఎప్పుడవుతుందంటే, నా ప్రశ్నకు అక్కర్లేదని అసలు కాగితాన్నే చించేసినప్పుడు.

అందుకే ఆ ఫోను తర్వాత నాకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. మా శాఖలో కొత్తగా చేరే పిల్లలకు ఇవే చెబుతాను.

మొదటిది, కళ్ల ముందు నుంచి తప్పించు, చెరిపేయకు. విండోస్ కంప్యూటర్లలో ఏం జరుగుతోందో చూడడానికి ప్రాసెస్ మానిటర్ అనే సాధనం ఉంది. అందులో ఫిల్టర్ పెడితే మామూలుగా వరుసలు కనబడకుండా పోతాయే తప్ప లోపల భద్రంగా ఉంటాయి. ఫిల్టర్ తీస్తే తిరిగి వస్తాయి. కానీ అందులోనే ఇంకో మీట ఉంది. అది నొక్కి పెడితే ఫిల్టర్ అయినవి శాశ్వతంగా పోతాయి. ఆ మీట నొక్కే ముందు చేయి కాస్త వణకాలి. మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ప్రకారం లాగ్‌లను 180 రోజులు ఉంచాలి కూడా.

రెండోది, ఏం తీశావో, ఎన్ని తీశావో రిపోర్టు నెత్తిన రాయి. "20 టైమౌట్లు కలపలేదు" అని ఒక్క వాక్యం ఉంటే పైవారే అడిగేవారు, ఆ 20 ఎవరివని.

మూడోది, సగటుతో ఆగకు. వందమందిని త్వరగా పని అయినవారి నుంచి ఆలస్యమైనవారి దాకా వరుసలో నిలబెట్టి, 95వ మనిషిని అడుగు, 99వ మనిషిని అడుగు. ఆ తర్వాత ఒక్కో ఊరినీ విడివిడిగా అడుగు.

నాలుగోది, గడియారం చూసుకో. చాలా సర్వర్లు అంతర్జాతీయ కాలమానంలో రాస్తాయి. అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. పది నుంచి నాలుగు దాకా బ్యాంకు వేళలు అనుకుని జల్లెడ పడితే, చేతికి వచ్చేవి మధ్యాహ్నం మూడున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా జరిగినవి. ఆ పొరపాటుతో "రద్దీ వేళల్లో సమస్య లేదు" అని తేల్చేయవచ్చు.

ఐదోది, ఒక్క చోట మాత్రం మొదటే తీసేయాలి. పిన్ను, పాస్‌వర్డు, ఓటీపీ లాగ్‌లోకి అసలు ఎక్కకూడదు. అక్కడ జల్లెడ గుమ్మం బయటే ఉండాలి.

ఇక కుటుంబ సభ్యులకు రెండు మాటలు. చెల్లింపు మధ్యలో ఆగిపోతే "మీ యాప్ పనిచేయట్లేదు" అనకండి. ఏ రోజు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, ఎంత మొత్తం, 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఎంత అని చీటీ రాసి శాఖలో ఇవ్వండి. ఆ నాలుగూ ఉంటే కోట్ల వరుసల్లోంచి మీ వరుస దొరుకుతుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో మీ ఖాతాలో డబ్బు తగ్గి అవతలివారి ఖాతాలో జమకాకపోతే మరుసటి రోజులోగా దానంతటదే తిరిగి రావాలి. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే ఐదు రోజుల్లోగా రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఉంది. ఇది అడుక్కోవడం కాదు, మీ హక్కు.

ఇంకొకటి. మీ ఇంటి కంప్యూటర్లో ఈవెంట్ వ్యూయర్ అని ఉంటుంది. తెరిస్తే ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. బాగా పనిచేసే కంప్యూటర్లో కూడా ఉంటాయి. ఎవరో ఫోను చేసి, పెద్ద కంపెనీ పేరు చెప్పి, ఈ ఎర్ర గుర్తులు చూపించి, మీ కంప్యూటరు పాడైంది డబ్బు కట్టండి అంటే నమ్మకండి. జల్లెడ పట్టని లాగ్ చూపించి భయపెట్టడం మోసగాళ్ల పాత పద్ధతి. ఎక్కువ తీసేసినా మోసపోతాం, ఏమీ తీయకుండా చూసినా మోసపోతాం.

ఇప్పుడు ఆ పాపకు జవాబు. అమ్మా, ఆలస్యాలు లెక్కపెట్టేది ఎందుకంటే, ఒక్కో ఆలస్యం వెనక ఒక మనిషి నిలబడి ఉంటాడు. మనం లెక్కపెట్టకపోతే ఆయన అక్కడ లేడని అందరూ అనుకుంటారు.

ఆ రోజు ఫోను చేసినాయన ఇప్పుడు ఉద్యోగ విరమణ చేశారు. ఆయన ప్రశ్న మాత్రం నా బల్ల మీద కాగితంపై రాసి అతికించి ఉంది. రిపోర్టు పంపే ముందు ప్రతిసారీ చదువుతాను. మీ ఇంట్లో ఎవరైనా అందమైన అంకెలతో ఇంటికి వస్తే, మీరూ ఒకసారి అడగండి: ఇందులో మా ఊరు ఉందా?